చలి ముదిరినా చల్లబడని ఇల్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి వెచ్చదనం గురించే అడిగాయి. చలిదేశాల్లో స్థిరపడిన మనవారు రాసినవే వాటిలో అధికం. ఒకటి మాత్రం ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చింది. ఇంటికి వేడి ఎంత అందుతోంది అన్నదానికంటే ఇంటి నుంచి వేడి ఎంత పోతోంది అన్నదే వీటన్నిటికీ మూలమైన విషయం కనుక, ఉత్తరాలను ఆ వరుసలోనే పేర్చుకుని జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: జర్మనీలో పాత అపార్ట్‌మెంట్ వదిలి ఈ వేసవిలో వేడి బయటికి పోకుండా కట్టే ‘పాసివ్ హౌస్’ పద్ధతిలో కట్టిన వరుస ఇళ్లలో ఒకదానిలోకి మారాం. అక్టోబరు చివరి వారం వచ్చింది. పగలూ రాత్రీ కలిపి చూస్తే బయట సగటున 6 డిగ్రీలే ఉంటోంది. మేము ఇంతవరకు హీటరు వేయలేదు, అయినా ఇంట్లో 21 డిగ్రీలు తగ్గడం లేదు. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు మాత్రం ఎక్కడో హీటరు నడుస్తూనే ఉందని, బిల్లు వచ్చాక తెలుస్తుందని అంటున్నారు. ఈ వేడి ఎక్కడి నుంచి వస్తోంది?
(పాఠకురాలు, ఫ్రాంక్‌ఫర్ట్ సమీపం)

జవాబు: మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. మీ ఇంట్లో వేడినిచ్చేవి నడుస్తూనే ఉన్నాయి, కాకపోతే వాటిని ఎవరూ హీటర్లని పిలవరు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి, నిద్రపోతున్నప్పుడు అంతకంటే కొంత తక్కువ, ఎడతెగకుండా వెలువడుతూ ఉంటుంది. ఫ్రిజ్ తన లోపలి నుంచి లాగిన వేడిని వెనకవైపు నుంచి వంటగదిలోకే వదులుతుంది. దీపాలు, టీవీ, కంప్యూటరు, స్టవ్ వాడుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగా మారి ఇంట్లోనే మిగులుతుంది. వీటికి తోడు, ఆకాశం మబ్బుగా ఉన్నా సరే, దక్షిణం వైపు అద్దాల్లోంచి ఎంతో కొంత సూర్యరశ్మి లోపలికి వస్తూనే ఉంటుంది.

దీన్ని లెక్కగా చూద్దాం. మీ అత్తగారితో కలిపి మీరు ఐదుగురు అనుకుందాం. ఒక్కొక్కరూ రోజుకు 16 గంటలు ఇంట్లో ఉంటే, రోజు మొత్తానికి సర్దిచూసినప్పుడు మనుషుల వల్ల వచ్చే వేడి సుమారు 270 వాట్లు. రోజుకు 8 యూనిట్ల కరెంటు వాడితే దాని వాటా సగటున 330 వాట్లు. దక్షిణం వైపు 12 చదరపు మీటర్ల అద్దం ఉందనుకుంటే, అక్టోబరు ఎండలో దాని గుండా వచ్చేది పగలు రాత్రి కలిపి సగటున 450 వాట్ల వరకు ఉండవచ్చు. అన్నీ కలిపితే సుమారు 1,050 వాట్లు.

ఇక పోయే వేడి సంగతి. గోడలు, కప్పు, నేల, కిటికీలు, గాలి మార్పిడి అన్నిటినీ కలిపి, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఇంటి నుంచి ఎన్ని వాట్లు బయటికి పోతాయో ఇంజనీర్లు లెక్క కడతారు. 120 చదరపు మీటర్ల పాసివ్ హౌస్ వరుస ఇంటికి ఈ అంకె 70 దగ్గర ఉంటుంది. మీ ఇంటికీ బయటికీ ఇప్పుడున్న తేడా 15 డిగ్రీలు. 15ను 70తో హెచ్చిస్తే 1,050. అంటే పోయేది ఎంతో, మీకు తెలియకుండా అందుతున్నదీ అంతే. అందుకే హీటరుతో పని పడలేదు. ఇన్సులేషన్, అంటే వేడిని అడ్డుకునే పొర లేని, అదే పరిమాణంలోని పాత ఇంటికి ఈ అంకె 350 ఉండటం మామూలే. అక్కడ ఇదే 1,050 వాట్లు కేవలం 3 డిగ్రీల తేడాను మాత్రమే నిలబెట్టగలవు కాబట్టి, బయట 18 డిగ్రీల కంటే దిగగానే హీటరు వేయక తప్పదు. మీరు వదిలి వచ్చిన అపార్ట్‌మెంటులో సెప్టెంబరులోనే రేడియేటరు తిప్పాల్సి రావడానికి, ఇక్కడ అక్టోబరు చివరిదాకా దాని వైపు చూడకపోవడానికి ఉన్న తేడా ఇదే. ఈ రెండు ఇళ్లలో పుట్టే వేడి సమానమే. ఒకటి దాన్ని నిలుపుకుంటుంది, రెండోది నిలుపుకోలేదు.

నిలుపుకోవడంలో రహస్యం కదలని గాలి. కదలకుండా ఉన్న గాలి చాలా మంచి ఉష్ణబంధకం. అదే గాలి స్వేచ్ఛగా కదిలితే వేడిని ఒక గోడ నుంచి ఇంకో గోడకు మోసుకుపోతుంది. కనుక దాన్ని చిన్నచిన్న అరల్లో బంధించాలి. థర్మోకోల్ పలకైనా, రాతినార అయినా, చలికాలంలో మన గొర్రెల కాపరులు కప్పుకునే గొంగడి అయినా చేసే పని ఇదే: గొంగడి తనంతట తాను వేడిని పుట్టించదు, ఉన్ని పోగుల మధ్య చిక్కిన గాలి ఒంటి వేడిని పోనివ్వదు. వేడిని పోనిచ్చే గుణంలో చూస్తే, 1 సెంటీమీటరు థర్మోకోల్ చేసే పనికి ఇటుక గోడ దాదాపు 20 సెంటీమీటర్ల మందం కావాలి. కాంక్రీటైతే అంతకు రెండు రెట్లకు పైగా కావాలి. గోడ మందంగా ఉంటే చాలు, వెచ్చగా ఉంటుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది కాబట్టి ఈ పోలిక గుర్తుంచుకోదగ్గది.

మీరున్న చోటికి దగ్గరలోనే ఈ పద్ధతి రూపు దిద్దుకుందన్న సంగతి మీకు తెలిసే ఉండవచ్చు. 1988లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు బో ఆడమ్సన్, జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ కలిసి ఈ ఆలోచనకు రూపం ఇచ్చారు. డార్మ్‌స్టట్ నగరంలోని క్రానిష్టైన్ ప్రాంతంలో నాలుగు వరుస ఇళ్లుగా దాన్ని కట్టి చూపించారు. 1991లో అందులో కుటుంబాలు కాపురం పెట్టాయి. గోడల బయటివైపు 27.5 సెంటీమీటర్ల థర్మోకోల్, పైకప్పులో సుమారు 45 సెంటీమీటర్ల ఖనిజ నార, మూడు పొరల అద్దాల మధ్య క్రిప్టాన్ వాయువు నింపిన కిటికీలు, లోపలి గాలి నుంచి వేడిని వెనక్కి తీసుకునే యంత్రం అక్కడ వాడారు. పాతికేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించినప్పుడు ఇన్సులేషన్ కుంగలేదని, గాలి చొరబడని పొర చెక్కుచెదరలేదని తేలింది. నా దృష్టిలో ఆ నాలుగు ఇళ్ల విలువ అంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే కొత్తలో వెచ్చగా ఉండే ఇల్లు కట్టడం కంటే ముప్పై చలికాలాలు అలాగే ఉండే ఇల్లు కట్టడం చాలా కష్టం.

డిసెంబరు, జనవరిలో మాత్రం హీటరు కొంత అవసరమవుతుంది. బయట 1 డిగ్రీకి దిగి, రోజులు కురచబడి, ఎండ వాటా 150 వాట్లకు పడిపోయిందనుకోండి. పోయేది 1,400, అందేది 750. లోటు 650 వాట్లు. మొత్తం ఇంటికి అంతే చాలు. ఏడాది మొత్తానికి చదరపు మీటరుకు 15 యూనిట్ల కంటే ఎక్కువ వేడి అవసరం కాకూడదన్నది పాసివ్ హౌస్ నియమం; అది చదరపు మీటరుకు ఒకటిన్నర లీటర్ల హీటింగ్ ఆయిల్‌తో సమానం. బిల్లు వచ్చాక మీ అత్తగారికి ఈ లెక్కతో పాటు చూపించండి.

ప్రశ్న: జర్మనీ చలి ఒక లెక్క, మా దగ్గర చలి ఇంకో లెక్క. ఇక్కడ జనవరిలో మైనస్ 30 మామూలే. కిందటి ఏడాది రాత్రి పూట పది గంటల పాటు కరెంటు పోతే ఇంటిని వెచ్చబెట్టే ఫర్నెస్ ఆగిపోయి, మేము అద్దెకుంటున్న ఇంట్లో తెల్లవారేసరికి 5 డిగ్రీలైంది. పిల్లలతో కారులో కూర్చున్నాం. ఇంత చలిలో కూడా ఇన్సులేషన్ పనిచేస్తుందా?
(పాఠకుడు, సాస్కటూన్, కెనడా)

జవాబు: ఈ ప్రశ్న మీ రాష్ట్రం నుంచి రావడం నాకు సంతోషం కలిగించింది, ఎందుకంటే డార్మ్‌స్టట్ ఇళ్లకు 14 ఏళ్ల ముందే, 1977లో, మీకు రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో ఉన్న రెజైనా నగరంలో ఫర్నెస్ లేని ఇల్లు కట్టారు. దాని పేరు సాస్కచ్వాన్ కన్సర్వేషన్ హౌస్. 1973 చమురు సంక్షోభం తర్వాత, సాస్కచ్వాన్ రీసెర్చ్ కౌన్సిల్ ఆధ్వర్యంలో హెరాల్డ్ ఆర్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు దాన్ని రూపొందించారు. సుమారు 30 సెంటీమీటర్ల మందం ఉన్న రెండు వరుసల కర్ర గోడలు, వాటి నిండా ఇన్సులేషన్, అతుకుల దగ్గర జాగ్రత్తగా మూసిన ప్లాస్టిక్ పొర, గాలి నుంచి గాలికి వేడిని మార్చే పరికరం అందులో ఉండేవి. ప్రదర్శన కోసం కప్పు మీద ఖరీదైన సౌర ఉష్ణ వ్యవస్థను కూడా అమర్చారు. దాని నిర్వహణ భారమై తర్వాత తీసివేయాల్సి వచ్చింది. గోడలు, ప్లాస్టిక్ పొర మాత్రం ఏ నిర్వహణా అడగకుండా పనిచేస్తూ పోయాయి. కదిలే భాగాలు లేని వస్తువు మీద పెట్టిన డబ్బే ఎక్కువ కాలం కాపాడుతుందని ఆ ఇల్లు చూపించింది. 1980ల ఆరంభంలో కెనడా ప్రభుత్వం మొదలుపెట్టిన ఆర్-2000 ఇళ్ల కార్యక్రమానికి ఈ ప్రయోగాలే పునాది.

మీరు గడిపిన ఆ రాత్రిని లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. లోపల 20, బయట మైనస్ 30 అంటే తేడా 50 డిగ్రీలు. సాధారణమైన కర్ర ఇంటి నుంచి డిగ్రీకి 250 వాట్ల చొప్పున వేడి పోతుంటే మొదటి గంటలో పోయేది 12,500 వాట్లు. కర్ర ఇళ్లు తేలిక కాబట్టి వాటిలో నిలవ ఉన్న వేడి కూడా తక్కువే. 120 చదరపు మీటర్ల ఇల్లు ఒక డిగ్రీ చల్లబడటానికి సుమారు 7 యూనిట్ల వేడి పోతే చాలు. ఈ లెక్కన మొదట్లో గంటకు పావు తక్కువ 2 డిగ్రీల చొప్పున పడిపోతూ, పది గంటలకు 5 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. మీరు చూసిందీ అదే. డిగ్రీకి 70 వాట్లే పోయే ఇంట్లో అదే రాత్రి, అంతే సమయం గడిస్తే, మనుషుల ఒంటి వేడిని కూడా కలుపుకుని చూసినప్పుడు, ఉష్ణోగ్రత 20 నుంచి 16 దగ్గరికి మాత్రమే వస్తుంది. దుప్పటి కప్పుకుని నిద్రపోవడానికి అది చాలు. ఇంటి లోపలివైపు ఇటుక, కాంక్రీటు, మట్టి వంటి బరువైన పదార్థాలు ఉంటే ఈ పతనం ఇంకా నెమ్మదిస్తుంది. అయితే ఆ బరువు ఇన్సులేషన్‌కు లోపలివైపు ఉండాలి, బయటివైపు ఉంటే దాని వేడి బయటి గాలికే పోతుంది.

ఇది బిల్లుకు సంబంధించిన సౌకర్యం మాత్రమే కాదు, పసిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో ప్రాణానికి సంబంధించిన భద్రత. మీరు కొనబోయే ఇంట్లో గ్రానైట్ కౌంటరు గురించి అడిగే ముందు గోడలో ఏముందో, గాలి లీకు పరీక్ష ఫలితం ఎంతో అడగమని గట్టిగా కోరుతున్నాను.

ప్రశ్న: మాది 1960ల్లో కట్టిన కర్ర ఇల్లు. చలికాలంలో కిటికీ అద్దాల అంచుల వెంట నీళ్లు కారి, చట్రం దగ్గర నల్లగా బూజు పడుతోంది. సోఫాలో కూర్చుంటే కాళ్లకు చలిగాలి తగులుతోంది. కిటికీలన్నీ మార్చేస్తే అంతా సర్దుకుంటుందని ఒక కాంట్రాక్టరు పెద్ద మొత్తం చెప్పారు. అది సరైన ఖర్చేనా?
(పాఠకుడు, న్యూజెర్సీ)

జవాబు: మొదట ఆ ఖర్చు ఆపండి. కిటికీలు మార్చడం తప్పు కాదు కానీ, మీ ఇంట్లో అది చివరి పని.

కాళ్లకు తగిలే చలిగాలికి కారణం ఎక్కువసార్లు అటకలో ఉంటుంది. వేడి గాలి తేలిక కాబట్టి పైకి లేచి, అటక తలుపు సందుల్లోంచి, సీలింగు దీపాల చుట్టూ ఉన్న రంధ్రాల్లోంచి, పైపులు పైకి పోయే బొక్కల్లోంచి బయటపడుతుంది. అలా పోయిన గాలికి బదులుగా కింద, పునాది గోడ మీద కర్ర చట్రం కూర్చున్న చోట ఉన్న సందుల నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. బయట చలి పెరిగేకొద్దీ ఈ ప్రవాహం బలపడుతుంది. అందుకే కింద తలుపు సందులు ఎన్ని మూసినా, పైన మూయనంతవరకు చలిగాలి ఇంకో దారి వెతుక్కుంటుంది.

బ్లోయర్ డోర్ పరీక్ష చేయించండి. వీధి తలుపు చట్రంలో ఫ్యాను బిగించి, ఇంటి లోపలికీ బయటికీ మధ్య 50 పాస్కల్‌ల పీడనం తేడా వచ్చేలా గాలిని బయటికి లాగుతారు. ఆ స్థితిలో గంటకు ఇంటి గాలి ఎన్నిసార్లు పూర్తిగా మారుతుందో కొలుస్తారు. పాసివ్ హౌస్‌లో అది 0.6 సార్లు దాటకూడదు. మీ కాలపు ఇళ్లలో అది పదికి పైన ఉన్నా ఆశ్చర్యపోనవసరం లేదు. ఆ ఫ్యాను నడుస్తుండగా మీ పూజగదిలోని అగరుబత్తి ఒకటి వెలిగించి, ప్లగ్గు పెట్టెల దగ్గర, గోడ అడుగు పట్టీల వెంట, సింకు కింద పైపు గోడలోకి పోయే చోట నెమ్మదిగా జరుపుతూ చూడండి. నిలువుగా లేచే పొగ ఎక్కడ గదిలోకి చెదిరి వంగుతుందో అక్కడ బొక్క ఉన్నట్టే. నేను చూసిన ఇళ్లలో సింకు కింద చేయి పట్టేంత రంధ్రాలు కూడా ఉండటం అరుదేమీ కాదు; అలమర తలుపు మూసి ఉంటుంది కనుక వాటిని ఏళ్ల తరబడి ఎవరూ చూడరు. ఇలాంటివన్నీ ఫోమ్, సీలెంటుతో మూసి, ఆ తర్వాతే అటకలో ఇన్సులేషన్ పెంచాలి. సందులు మూయకుండా వాటి మీద నార పరిస్తే, గాలి ఆ నారలోంచే పోతుంది. మీ ఇంట్లో గ్యాస్ ఫర్నెస్ గానీ గ్యాస్ గీజరు గానీ ఉంటే, సందులు మూసిన తర్వాత వాటి పొగ గొట్టం సరిగా లాగుతోందో లేదో తప్పకుండా పరీక్ష చేయించండి, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం పెట్టండి. ఈ ఒక్క విషయంలో ఆలస్యం పనికిరాదు.

ఇక అద్దం మీది నీళ్లు. 20 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 60 శాతం ఉంటే, 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదనైనా ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది. బయట 0 డిగ్రీలు ఉన్నప్పుడు ఒంటిపొర అద్దం లోపలి ముఖం 5 డిగ్రీల దగ్గర, మామూలు రెండు పొరల అద్దం నడిమధ్య 12, 13 డిగ్రీల దగ్గర, నాణ్యమైన మూడు పొరల అద్దం 18 డిగ్రీల దగ్గర ఉంటాయి. మీ కిటికీలు రెండు పొరలవే అయి ఉండాలి. అద్దాల మధ్య అంచు వెంట ఉండే అల్యూమినియం పట్టీ వేడిని బయటికి జారవిడుస్తుంది కాబట్టి అంచుల్లోనే నీళ్లు పడుతున్నాయి. ఆవిరిని తగ్గిస్తే ఈ సమస్య సగం తీరుతుంది. కుక్కరు పెట్టినప్పుడు, ఇడ్లీ వేసినప్పుడు, స్నానం చేసినప్పుడు బయటికి పంపే ఫ్యాను నడపడం, తడి బట్టలు గదిలో ఆరేయకపోవడం ఈ రోజు నుంచే చేయగలిగినవి. పదేళ్ల తర్వాత కిటికీలు మార్చే వంతు వచ్చినప్పుడు మాత్రం తక్కువ ధరకు రాజీ పడవద్దు, ఎందుకంటే ఒంటికి తగిలే వెచ్చదనంలో గాలి ఉష్ణోగ్రత ఎంతో, చుట్టూ ఉన్న ఉపరితలాల ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే. 5 డిగ్రీల అద్దం పక్కన కూర్చున్న మనిషి ఒంటి వేడి ఉష్ణవికిరణం ద్వారా ఆ అద్దంలోకి పోతుంది. గదిలో 22 డిగ్రీలు చూపిస్తున్నా ఆ మనిషికి చలి తీరదు.

ప్రశ్న: గాలి చొరబడకుండా ఇల్లు మూసేస్తే లోపల ఊపిరాడుతుందా? మన వంటల పోపు ఘాటు వారం రోజులు ఇంట్లోనే ఉండిపోతుందేమో అని భయంగా ఉంది. కిటికీలు అసలు తెరవకూడదని కూడా విన్నాం.
(పాఠకురాలు, మ్యూనిక్)

జవాబు: సందుల్లోంచి వచ్చే గాలిని నమ్ముకున్న ఇంట్లో, గాలి విపరీతంగా వీచే రోజున అవసరానికి మించి వస్తుంది, నిశ్చలంగా ఉన్న రోజున చాలినంత రాదు. గాలి చొరబడని ఇంట్లో ఆ పనిని యంత్రానికి అప్పగిస్తారు. పడకగదుల్లోకి, హాల్లోకి వడపోసిన తాజా గాలిని పంపుతూ, వంటగది, స్నానాలగదుల నుంచి పాత గాలిని లాగుతూ అది రోజంతా నెమ్మదిగా నడుస్తుంది. ఈ రెండు గాలులూ పలుచని రేకుల మధ్య పక్కపక్కనే ప్రవహిస్తాయి, ఒకదానిలో ఒకటి కలవవు, వేడి మాత్రం ఒకదాని నుంచి ఇంకోదానికి మారుతుంది. బయటి గాలి 0 డిగ్రీల దగ్గర లోపలికి వచ్చి, బయటికి పోతున్న 20 డిగ్రీల గాలి నుంచి వేడి పుచ్చుకుని, 17 డిగ్రీల దగ్గర గదిలోకి చేరుతుంది. ఐదుగురికి గంటకు 150 ఘనపు మీటర్ల తాజా గాలి కావాలి. దాన్ని కిటికీ ద్వారా తెచ్చుకుంటే దాదాపు 1,000 వాట్ల వేడి పోతుంది. యంత్రం ద్వారా అయితే 150 వాట్లు పోతాయి, ఫ్యాన్లకు ఓ 60 వాట్లు ఖర్చవుతాయి.

పోపు ఘాటు విషయంలో, స్టవ్ పైన జిడ్డు జాలీ, బొగ్గు ఫిల్టరు ఉన్న హుడ్ పెట్టి, వంట మొదలుపెట్టే ముందే దాన్ని వేయండి. గాలి యంత్రం వేగం పెంచే మీట కూడా ఉంటుంది. ఎండుమిరపకాయలు వేయించే రోజున కిటికీ తెరవడానికి ఏ అభ్యంతరమూ లేదు, తెరవకూడదన్నది వదంతి. పది నిమిషాలు తెరిస్తే గదిలోని గాలి మారుతుంది, గోడల్లో, నేలలో నిలవ ఉన్న వేడి అలాగే ఉంటుంది, మూసిన కాసేపటికి గది మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ఫిల్టర్లు సమయానికి మార్చడం మాత్రం మరవకండి.

ప్రశ్న: ఇన్సులేషన్ మందం రెట్టింపు చేస్తే లాభం కూడా రెట్టింపవుతుందా?
(పాఠకుడు, డల్లాస్)

జవాబు: అవదు. ఒక చదరపు మీటరు గోడ నుంచి డిగ్రీకి పోయే వేడి, 5 సెంటీమీటర్ల నారకు సుమారు 0.6 వాట్లు, 10కి 0.33, 20కి 0.17, 30కి 0.12. వట్టి గోడకు అది 1.5 నుంచి 2 వాట్లు ఉంటుంది కాబట్టి మొదటి 5 సెంటీమీటర్లే సింహభాగం ఆదా చేస్తాయి. మందం పెంచుతూ పోవడం కంటే ఆ పొర ఎక్కడా తెగకుండా చూడటం ముఖ్యం. గదిలోని స్లాబు ఇన్సులేషన్‌ను చీల్చుకుని బాల్కనీగా బయటికి సాగితే, ఆ కాంక్రీటు గుండా వేడి కారిపోయి, లోపలి మూలల్లో బూజు పడుతుంది. దీన్నే థర్మల్ బ్రిడ్జి అంటారు. ప్లాను దశలోనే దాన్ని సరిచేయాలి.

ప్రశ్న: మాది స్లాబు ఇల్లు. డిసెంబరు, జనవరిలో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోతుంది. తెల్లవారుజామున లోపల కంటే బయటే నయం అనిపిస్తుంది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, పడకగదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటున్నాం. చలిదేశాల ఇన్సులేషన్ మాకు పనికొస్తుందా, లేక వేసవిలో ఇల్లు ఇంకా ఉడికిపోతుందా?
(పాఠకురాలు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: అమ్మా, మిగతా సంగతులన్నిటికంటే ముందు ఆ కుంపటిని ఈ రాత్రి నుంచే పడకగదిలో పెట్టడం మానండి. కాలే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, మగత వంటివి తప్ప వేరే హెచ్చరిక ఉండదు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. మీరు సందులు మూసిన గదిలో అది మరింత త్వరగా పేరుకుంటుంది. చలి కాచుకోవాలంటే ఆరుబయట కాచుకుని, నిప్పును అక్కడే వదిలి లోపలికి రండి.

మీ చలికి ప్రధాన కారణం స్లాబు. మబ్బు లేని చలికాలపు రాత్రి, కప్పు తన వేడిని ఉష్ణవికిరణంగా ఆకాశంలోకి వదిలి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. కాంక్రీటు వేడిని సులువుగా పోనిస్తుంది కనుక తెల్లవారుజాముకు స్లాబు అడుగు భాగం చల్లబడి, మంచం మీద పడుకున్నవారి ఒంటి వేడిని పైకి లాగుతుంది. తాటాకు కప్పు కింద పడుకున్న పెద్దవారికి ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. ఆకు పొరల మధ్య ఉన్న గాలి అడ్డు పడేది.

వేసవిలో ఉడికిపోతుందన్న మీ భయానికి ఆధారం లేదు. ఇన్సులేషన్ వేడిని ఏ దిశలో పోతున్నా అడ్డుకుంటుంది: జనవరిలో లోపలి నుంచి బయటికి, మే నెలలో బయటి నుంచి లోపలికి. వట్టి స్లాబు గుండా చదరపు మీటరుకు డిగ్రీ తేడాకు 3 వాట్లకు పైగా వేడి పోతుంది. ఇళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత కప్పుకు పెట్టిన గరిష్ఠ పరిమితి 1.2 వాట్లు. స్లాబు పైన 5 సెంటీమీటర్ల గట్టి ఫోమ్ పలకలు పరిస్తే అది 0.6 లోపుకు వస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ప్రోత్సహించే తెల్లని పూత వేసవికి చాలా మంచిది కానీ, అది ఎండను తిప్పికొడుతుందే తప్ప రాత్రి చలిని ఆపలేదు. మీ ప్రాంతంలో రెండు కాలాలూ తీవ్రమే కాబట్టి కింద ఫోమ్ పలకలు, పైన తెల్లని పెంకులు వేయించమని నా సలహా. పలకలను స్లాబు అడుగున కాకుండా పైనే వేయించండి. అప్పుడు కాంక్రీటు లోపలి వేడిని పట్టి ఉంచి రాత్రంతా మీకు తిరిగి ఇస్తుంది.

డబ్బు ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది. మీ జిల్లాలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 47 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనుక దక్షిణం కిటికీల్లోంచి ఎండ గది లోపలిదాకా పడుతుంది. పది గంటల నుంచి నాలుగు గంటల దాకా తెరలు తీసి ఉంచి, నేల మీద చాపలు, తివాచీలు తీసేసి ఎండను నేరుగా నేలకు తగలనివ్వండి. పొద్దు వాలగానే కిటికీ మూసి మందపాటి తెర వేయండి. వేసవిలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, మామూలు సజ్జా ఉన్నా చాలు, ఆ కిటికీలోంచి ఎండ రాదు.

స్లాబు పని చేయించేటప్పుడు మేస్త్రీకి రెండు మాటలు ముందే చెప్పండి. పలకలు వేసే ముందే నీరు కారని పూత పూర్తయి, స్లాబు మీద నీళ్లు నిలబెట్టి పరీక్ష జరగాలి, ఎందుకంటే పలకల కింద లీకు ఉంటే తర్వాత వెతకడం కష్టం. పలకల మీద వేసే కాంక్రీటు పొరకు నీటి గొట్టం వైపు వాలు ఉండాలి. ఫిబ్రవరిలో మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు పని ముగుస్తుంది.